కరువు కాలంలో నీటి వంతు

ఆకాశం నుండి వాన కురిపించి మృతభూమికి ప్రాణం పోసే అల్లాహ్‌ను మేము స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన క్షమాభిక్షనే వేడుకుంటున్నాము. అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహాబాలందరిపైనా దరూద్, సలామ్‌లు పంపుతున్నాము. అమ్మా బాద్.

ప్రియ సోదర సోదరీమణులారా! వర్షం తప్పిన సంవత్సరంలో హైదరాబాద్ పడమటి కొసన ఒక వింత కనబడుతుంది. మాదాపూర్‌లో బయలుదేరి, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ వరకు రోహిణి కార్తెలో ఒకమారు నడచి చూడండి. ఒక ప్రహరీ లోపల పచ్చిక నిన్ననే వాన కురిసినట్లు మెరుస్తూ ఉంటుంది. ఆ ప్రహరీకి ఇవతల, అదే నేలలో, అదే ఎండలో, బాట పక్కన నాటిన కానుగ మొక్క ఇనుప కంచె నడుమ పుల్లయి నిలిచి ఉంటుంది. మేఘం ప్రహరీని చూసి కురవదు, ప్రహరీని చూసి మానదు. లోపలి వానికీ బయటి వానికీ కరువు ఒకేసారి వచ్చింది. మరి ఈ భేదం ఎక్కడి నుండి వచ్చింది? నేటి జుమా నాడు మేము విన్నవించదలచిన విషయం ఇదే.

చెట్లు చేమల ముచ్చట మింబరు మీద ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన ఫిఖ్హ్ గ్రంథాలు తెరిచి చూస్తే నమాజ్, జకాత్‌ల వలెనే నీటి వంతులకు కూడా ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. దివ్యఖుర్‌ఆన్‌లో సమూద్ జాతి వృత్తాంతం చదివిన వారికి ఆ జాతి ఏ పరీక్షలో ఓడిపోయిందో తెలుసు. నీరు ఒక నాడు సాలిహ్ (అలైహిస్సలాం) వారి ఒంటెకు, మరొక నాడు వారికి అని వంతు నిర్ణయించబడింది. నోరులేని ఒక ప్రాణికి తమతో సమానంగా ఒక దినం ఇవ్వడం ఆ బలవంతులకు సహించరాని విషయమైంది. కొండలు తొలిచి ఇళ్లు కట్టిన జాతి అది. బండలు పేల్చి మేడలు కట్టే ఈ ప్రాంతంలో ఆ వృత్తాంతం చదివేటప్పుడు మేము కొంచెం ఆగి చదువుతాము.

ముందు నేల సంగతి చూద్దాము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు దాని చుట్టూ ఉన్నవి గుండ్లు, సీతాఫలపు పొదలు, తుమ్మలు, రేగు చెట్లు. ఇది దక్కన్ గ్రానైటు నేల. ఇసుక నేల వలె ఇది నీటిని కడుపు నిండా దాచుకోలేదు. పైన ఉన్న మెత్తని మొరంలోనూ, లోపలి బండ పగుళ్లలోనూ మాత్రమే కొంత నీరు నిలుస్తుంది. వాన సరిగా పడిన ఏడు ఆ మొరం నిండుతుంది, చెట్టు వేరుకు తడి అందుతుంది. వరుసగా రెండేళ్లు వాన తప్పితే ముందుగా ఆరిపోయేది ఆ పై పొరయే. అప్పుడు స్తోమత గలవాడు బోరును ఐదు వందల అడుగుల నుండి వెయ్యి అడుగులకు దించుతాడు. పక్కనున్న పాత బోరు వట్టిపోతుంది. అది ఏ బస్తీదో, ఏ చిన్న మస్జిద్‌దో అయి ఉంటుంది. చెట్టు మాత్రం వేరును వెయ్యి అడుగులు దించుకోలేదు కదా! మూడు నాలుగు అంతస్తుల సెల్లార్ల కోసం బండను తొలిచే చోట ఇంకొక నష్టం ఉన్నది. ప్రక్కల నుండి ఊరివచ్చే నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడి కాలువ పాలు చేస్తారు. ఎండాకాలంలో ఇరుగు పొరుగు చెట్లు బ్రతకవలసిన తడి అది.

చెట్టు మనిషి వలె దాహమని కేకవేయదు. ఆ సంవత్సరం ఆకు చిన్నదవుతుంది, మరుసటి సంవత్సరం పై కొమ్మలు ఎండుతాయి, ఇక ఆపైన ఒక గాలివానకు కూలుతుంది. కూలిన నాడు జనం గాలిని నిందిస్తారు. ఇక లేత మొక్క సంగతి చెప్పనవసరం లేదు. నాటిన తరువాత రెండు మూడు ఎండాకాలాలు నీరు పోసే చేయి ఉంటేనే అది నిలుస్తుంది. 2015 నుండి మన రాష్ట్రంలో హరితహారం పేరిట విరివిగా మొక్కలు నాటారు. అది మంచి పనియే. కాని ప్రతి సంవత్సరం నాటిన మొక్కల లెక్క వినిపించినంత గట్టిగా మూడవ ఏట మిగిలిన మొక్కల లెక్క వినిపించదు. తోటమాలి ఉన్న చోట అవి బ్రతికాయి, లేని చోట కంచెలు మిగిలాయి. పైగా త్వరగా పచ్చబడుతుందని రోడ్ల మధ్య కోనోకార్పస్‌ను వరుసలుగా నాటారు, దానిపై తరువాత ఎన్నో ఆక్షేపణలు వచ్చాయి. ఎండకు నిలబడి ఉన్నవాడు తల దాచుకోవడానికి వేప ఇచ్చే నీడను ఆ కత్తిరించిన పొద ఎక్కడ ఇస్తుంది?

ఈ నగరానికి కరువు కొత్తది కాదు. మూసీ వరద తరువాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే నగరానికి తాగునీరిచ్చాయి. 2015-16 కరువులో ఆ రెండూ, మంజీరా, సింగూరులతో సహా, వట్టిపోయాయి. నగరమంతా ఎంతో దూరం నుండి ఎత్తిపోసే కృష్ణా, గోదావరి జలాలపై ఆధారపడింది. 2023లో వానలు తగ్గి, 2024 వేసవిలో నాగార్జునసాగర్ నీటిమట్టం పడిపోయినప్పుడు మాదాపూర్, కొండాపూర్, మణికొండ, మియాపూర్ వీధుల్లో ట్యాంకర్ల బారులు మీరందరూ చూసినవే. జలమండలి ట్యాంకరు కోసం రోజుల తరబడి వేచిన వారు కొందరు, ప్రయివేటు ట్యాంకరుకు అడిగినంత ఇచ్చి పచ్చికకు పోయించుకున్న వారు కొందరు. ఇద్దరూ ఇదే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడే వారే.

ఆ భుజాల గురించి ఒక మాట చెప్పనివ్వండి. మన జుమా నమాజుకు కంప్యూటరు ఇంజినీరు వస్తాడు, అతడి భవనానికి కాపలా కాచే సెక్యూరిటీ గార్డు వస్తాడు, పాలమూరు నుండీ బీహారు నుండీ వచ్చిన మేస్త్రీలూ కూలీలూ వస్తారు, బండి మీద భోజనం పొట్లాలు మోసే కుర్రవాళ్లు వస్తారు. సలామ్ తిప్పగానే ఒకడు చల్లని గదిలోకి పోతాడు, మరొకడు ఎండలోకి పోతాడు. మొదటి వానికి చెట్టు కిటికీ అద్దంలో కనబడే ఒక అందం. రెండవ వానికి చెట్టు ఒక గది. ఆర్డరు వచ్చేదాకా అతడు కూర్చునేది దాని కిందనే, అన్నం తినేది దాని కిందనే. సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ వంటి ఇరుకు వీధుల్లో రేకుల కప్పుల కింద కాపురముండే తల్లి మధ్యాహ్నం పిల్లను ఎత్తుకొని బయటికి వస్తే నిలబడటానికి ఒక్క చెట్టు ఉన్నదా? కరువు ఆ ఒక్క చెట్టునూ తీసుకుపోతే ఆ ఇంటికి జరిగిన నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు. జనం వాడుకునే నీడలోనూ, బాటమీదనూ మలవిసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించిన సంగతి మనం చిన్ననాడే చదువుకున్నాము. శౌచ నియమంగానే దానిని కంఠస్థం చేశాము. నీడ జనం ఉమ్మడి సొత్తు అన్న ధర్మం కూడా అందులోనే ఉన్నది.

ఇప్పుడు నీటి హక్కు సంగతి. మదీనాలో హజ్రత్ జుబైర్ (రజి) తోటకూ, ఒక అన్సారీ సోదరుని తోటకూ ఒకే కాలువ నీరు పారేది. అది హర్రా అనే రాతినేల నుండి వచ్చే కాలువ. మనదీ రాతినేలయే. వివాదం ప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. జుబైర్ పొలం ఎగువన ఉన్నది. నీవు తడుపుకొని ఆపైన నీటిని పొరుగువానికి వదలుమని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. అన్సారీ కోపించి, బంధువని అలా చెప్పారన్నాడు. అప్పుడు ప్రవక్త (స) ముఖం రంగు మారింది. జుబైర్‌కు పూర్తి హక్కు ఎంతవరకో, గట్టు మొదలు వరకు నీరు నిలిపి ఆపైన వదలుమని, స్పష్టంగా నిర్ణయించారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసును మేము విద్యార్థులకు బోధించేటప్పుడు రెండు విషయాలు చూపుతాము. పూర్తి హక్కుకు కూడా ఒక గట్టు ఉన్నది. మొదటి తీర్పులో ఆ గట్టు కంటే ముందే ఆగి పొరుగువాణ్ణి గమనించమన్న ఔదార్యం ఉన్నది.

మన హనఫీ ఫుఖహాలు దీనిని ఇంకా విడదీశారు. కుండలోకి తోడుకున్న నీరు నీ సొంతం. నేల లోపల ఉన్న నీరు, తోడనంతవరకు, ఎవరి సొంతమూ కాదు. మనుషులకూ పశువులకూ దాహం తీర్చుకొనే హక్కును హఖ్ఖె షఫా అన్నారు, తోటలూ పొలాలూ తడుపుకొనే వంతును హఖ్ఖె షిర్బ్ అన్నారు. మొదటిది అందరిదీ, రెండవ దాని కంటే ముందుది. నీరు, పచ్చిక, నిప్పు, ఈ మూడింటిలో జనులందరూ భాగస్వాములన్న హదీసు దీనికి పునాది. కనుక ఎవరైనా “నా స్థలంలో నా బోరు, నా కరెంటు, మీకేమి?” అంటే జవాబు సిద్ధంగానే ఉన్నది. మోటారు నీదే, కరెంటు బిల్లు నీదే. బండ పగులు మాత్రం ప్రహరీ దగ్గర ఆగదు. ప్రభుత్వ చట్టం కూడా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా, బోర్లకూ చెట్ల నరికివేతకూ హద్దులు పెట్టింది. ఆ చట్టానికి వెయ్యేళ్ల ముందే మన గ్రంథాలలో హద్దు ఉన్నది.

ఇక్కడ న్యాయం తప్పకూడదు. పచ్చని గేటెడ్ కమ్యూనిటీలన్నీ దోషులని మేము అనడం లేదు. ఎన్నో చోట్ల స్నానాల, వంటింటి నీటిని శుద్ధి చేసి తోటకు వాడుతున్నారు. అది మెచ్చుకోదగిన పని, దానిని ఇస్రాఫ్ అనడానికి వీలులేదు. తాగే నీటిని గడ్డికి పోయడం ఇస్రాఫ్. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా వృథా చేయరాదని నేర్పబడిన సముదాయం మనది. శుద్ధి చేసిన నీరు తోట అవసరం తీరిన తరువాత మిగిలి కాలువలో కలుస్తున్న చోట మేము అడిగేది ఒక్కటే: ఒక గొట్టాన్ని ప్రహరీ బయటికి పెట్టి బాట పక్క చెట్లకు ఎందుకు పోయరాదు? ఇది విరాళం కూడా కాదు, పారబోసే నీరే. అయినా దానిని అడగడానికి సంఘం సమావేశంలో ఒకడు లేవాలి. మన జమాఅత్‌లో అట్టి సంఘాల సభ్యులు ఉన్నారు, వారికే చెబుతున్నాము.

లోకంలో ఇతర చోట్ల ఏమి జరిగిందో కూడా వినండి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2018లో మనిషికి దినానికి 50 లీటర్లకు మించరాదని కట్టడి చేశారు. ఆ నగరంపై తరువాత 2023లో వెలువడిన ఒక అధ్యయనం, జనాభాలో 14 శాతం కూడా లేని సంపన్న వర్గాలు నగర నీటిలో సగానికి పైగా వాడుతున్నట్లు అంచనా కట్టింది. ఈతకొలనులు, తోటలు అందులో పెద్ద పద్దు. బోర్లు గలవారికి ఆ కట్టడి బాధ అంతగా తెలియలేదు. మన పొరుగున బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో తోటలు తడపడాన్నీ కార్లు కడగడాన్నీ నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా విధించారు. జరిమానా వస్తే గాని మానని వానికీ, అల్లాహ్ చూస్తున్నాడని మానేవానికీ చాలా అంతరం ఉన్నది.

హిజ్రీ 18వ సంవత్సరంలో అరబ్బు దేశాన్ని పట్టిన కరువును చరిత్రకారులు ఆముర్రమాదా, బూడిద సంవత్సరం, అన్నారు. గాలి వీస్తే దుమ్ము బూడిదలా లేచేదట. హజ్రత్ ఉమర్ (రజి) లేఖ వ్రాసి ధాన్యం తెప్పించారు. జనానికి తిండి దొరికేదాకా తాము నెయ్యీ మాంసమూ ముట్టక నూనెతో గడిపారు. ఇది అందరికీ తెలిసిన గాథ. మేము చెప్పదలచినది అంతగా వినబడని మరొకటి. ముస్లింల పశువుల కోసం ప్రత్యేకించిన మేతభూమిని హిమా అంటారు. దానిపై హునయ్ అనే సేవకుణ్ణి నియమించి హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన ఆజ్ఞ బుఖారీలో ఉన్నది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు గలవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. వారెవరు? స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఇద్దరు. వారిలో లోపముందని కాదు. వారి పశువులు చచ్చినా వారికి ఖర్జూర తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాని పశువులు చస్తే అతడు బిడ్డలను వెంటబెట్టుకొని తన వాకిటికే వస్తాడని, అప్పుడు బంగారమూ వెండీ ఇవ్వవలసి వస్తుందని, దానికంటే నీరూ గడ్డీ ఇవ్వడమే తేలికని ఆయన వివరించారు.

పరిపాలకుని లెక్క అంటే ఇది! కరువు అందరిమీదా ఒకేలా పడదని ఆయన గ్రహించారు. అందుకే కరువు కాలానికి సమాన వాటా సరిపోదు, ఏ దారీ లేనివానిది మొదటి వాటా కావాలి. సంపన్నుని పచ్చిక ఎండితే వచ్చే వానకు కొత్త గడ్డి పరపించుకోగలడు. బస్తీ మూలనున్న ముప్పై ఏళ్ల వేప ఎండితే అటువంటి నీడకు మరో ముప్పై ఏళ్లు ఆగాలి. ఎండాకాలం నగరపాలక ట్యాంకరు ఏ చెట్టు దగ్గరికి ముందు పోవాలన్న ప్రశ్నకు హునయ్‌కు ఇచ్చిన ఆజ్ఞలో జవాబు ఉన్నది. మంత్రులు ప్రయాణించే పెద్ద రోడ్డు మధ్యనున్న పూలకుండీ దగ్గరికి కాదు.

నీరు పోయనక్కరలేని పచ్చదనం కూడా ఒకటి ఉన్నది. మనిషి నాటనిది అది. 2025 మార్చి చివరలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేలపై యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం చెట్ల నరికివేతను ఆపించింది. ఆ భూమి ఎవరిదన్న వ్యాజ్యం న్యాయస్థానానిది, మాది కాదు. మాకు ముఖ్యమైనది ఇది: బండల నడుమ పుట్టిన రేగు, తుమ్మ, సీతాఫలం, మోదుగ ఎండాకాలం ఆకు రాల్చి ఓర్చుకుంటాయి, తొలకరికి మళ్లీ చిగురిస్తాయి. ట్యాంకరు అడగవు. అట్టి నేలను చదును చేసి తరువాత ఆ స్థానంలో నీరు లేనిదే నిలవని లాన్ పరచడం ఏ లెక్క? నీడనిచ్చే రేగు చెట్టును నరికేవానికి కఠినమైన హెచ్చరిక సునన్ అబూ దావూద్‌లో ఉన్నది. ఎడారిలో బాటసారులకూ పశువులకూ నీడనిచ్చే చెట్టును అక్రమంగా, నిష్కారణంగా నరికేవాని గురించి అది చెప్పబడిందని ఆ ఇమామే వివరించారు. మన మయ్యిత్‌కు గుసుల్ చేయించే నీటిలో వేసే ఆకు ఆ రేగుదే.

ఈ ప్రాంతానికి మన పెద్దలు విడిచిపోయిన గుర్తు కూడా నీరే. హుస్సేన్ సాగర్‌ను 1562లో, ఇబ్రాహీం కుతుబ్ షా కాలంలో, నిర్మింపజేసిన హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఇదే పడమటి దిక్కున, నేటి అద్దాల మేడల నడుమ ఉన్నది. గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు మీద ఇప్పుడు తీగల వంతెన ఉన్నది, జనం దీపాలు చూడ వస్తారు. ఆ చెరువు ఎవరి దాహం తీర్చిందో చెప్పేవారు తక్కువ.

ఇక మస్జిద్‌లో మనము చేయగల పనులు. వుజూ నీరు మన మజ్‌హబ్ ప్రకారం మరొకసారి వుజూకు పనికిరాదు గాని శుభ్రమైనదే. చెట్టుకు పోయడానికి ఏ అభ్యంతరమూ లేదు. జుమాకు ఐదు వందల మంది వచ్చి, తలకు ఐదు లీటర్లు వాడితే 2,500 లీటర్లవుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్, అనగా లీటరు కూడా నిండని నీటితో, వుజూ ముగించేవారు. కనుక ముందు కుళాయి తిప్పే చేతిని అదుపు చేద్దాము. ఆపైన ఆ నీటిని మురుగు కాలువ నుండి తప్పించి ఒక గుంటలోకి మళ్లించడం ఒక ప్లంబరుకు రెండు రోజుల పని. 200 చదరపు మీటర్ల మస్జిద్ కప్పు మీద, మన నగరపు సగటు వర్షం సుమారు 800 మిల్లీమీటర్లు కురిస్తే, ఏడాదికి 1,60,000 లీటర్లు పడుతుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 32. కరువు ఏట అందులో సగమే పడినా 16 ట్యాంకర్లు. ఇంకుడు గుంత లేకుంటే అదంతా రోడ్డు మీద పారి, పక్కవాని ఇంట్లోకి పోతుంది.

ఖబ్రస్తాన్‌ల విషయంలో ముతవల్లీలకు ప్రత్యేక విన్నపం. ఇరుకు బస్తీల మధ్య పాత చెట్లు మిగిలిన చోట్లు చాలావరకు అవే. అక్కడి వేపల మొదళ్ల చుట్టూ సిమెంటు పోయించకండి, పోసి ఉంటే మూడడుగుల మేర పగులగొట్టించండి. జనాజాకు వచ్చినవారు నిలబడేది ఆ నీడలోనే. బిల్డర్లైన సోదరులారా, సెల్లారు నీటిని కాలువలో కలిపే బదులు పక్కనున్న చెట్లకు, బస్తీ వాడుకకు ఇవ్వండి. మొక్క నాటించే సంస్థలలో పనిచేసే యువకులారా, ఈ సంవత్సరం వెయ్యి మొక్కలు నాటకండి. పది నాటి మూడు ఎండాకాలాలు నీరు మోయండి. నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది సదఖా అని చెప్పబడింది. ఎండి చచ్చిన మొక్క నుండి ఎవరు తింటారు?

సూరతుల్ ఖలమ్‌లో తోటవారి గాథను ఇంటికి వెళ్లి చదవండి. పేదవాడు లోపలికి అడుగు పెట్టకముందే తెల్లవారుజామున పంట కోసుకుందామని గుసగుసలాడుకుంటూ బయలుదేరినవారు వారు. వెళ్లి చూస్తే తోట మాడి ఉన్నది. దారి తప్పామేమో అనుకున్నారు. వారిలో ఒకడు మధ్యస్థుడు, ముందే వారించినవాడు, అక్కడే ఉన్నాడు. మన సంఘాల సమావేశాలలో ఆ మధ్యస్థుని కుర్చీ ఖాళీగా ఉన్నది.

యా అల్లాహ్! మాపై ప్రయోజనకరమైన వానను కురిపించు, వినాశకరమైన దానిని కాదు. మా కొండలపై, గుండ్లపై, చెరువులపై, చెట్ల మొదళ్లపై కురిపించు. నోరులేని జీవుల కోసం, పసిపిల్లల కోసం, ఎండలో పనిచేసే నీ దాసుల కోసం కురిపించు. మా చేతిలో ఉన్న నీటిలో ఇతరుల వంతు ఎంతో మాకు చూపించు, దానిని వదిలే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.